ఉగ్గుగిన్నెలో పేరులేని పసరు

కామెర్లు వచ్చినప్పుడు మీ ముక్కులో పోయించుకున్న పసరు ఏ చెట్టుదో చెప్పగలరా?

ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగాను. సాక్షి నోట ఒక్క మాట తడబడితే వదిలిపెట్టని ప్లీడరును అడిగాను. పిల్లలకు ప్రకృతి పాఠాలు చెప్పే పంతులును అడిగాను. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూడనిదే బేరమాడని రైతును అడిగాను. అందరూ ఒకే రకం నవ్వు నవ్వారు. పేరు చెప్పకూడదండీ, చెబితే పనిచేయదు అన్నారు. చీర కొంటే పోగు లాగి చూస్తారు, వంకాయ కొంటే పుచ్చు ఉందేమోనని తిప్పి చూస్తారు. తమ ముక్కులోకి, గొంతులోకి పోయేది ఏమిటో తెలియకపోవడమే దాని మహత్తు అనుకుంటారు. ఆ నవ్వు వల్ల నా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను.

మేము నరసరావుపేటలో ఉంటాం. యుద్ధం ముగిసినా బియ్యానికి రేషను ఇంకా పోని రోజులు. ఒక మధ్యాహ్నం నా భార్య రాజ్యం కందిపప్పులో నెయ్యి వేసుకుని రెండు ముద్దలు తిన్నది. మూడో ముద్ద కలిపి కంచంలోనే వదిలేసి, కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి అదిమి పట్టుకుంది. ముఖం తెల్లబడింది. ఏమిటని అడిగితే ఏమీ లేదంది. లేచి వాము వేయించి నీళ్ళలో కాచి తాగింది. సాయంత్రానికి నొప్పి తగ్గింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆకులంటే నాకు వెగటు అని నా రాతలు చదివినవాళ్ళు అనుకుంటారు. అది నిజం కాదు. రాజ్యం మా వీధికి సగం వైద్యురాలు. కడుపుబ్బరానికి వాము, పడిశానికి తులసీ మిరియాలూ వేసిన కషాయం, దగ్గుకు అడ్డసరం, కాలిన బొబ్బకు కలబంద గుజ్జు, గజ్జికి వేపాకు కాచిన నీళ్ళు. మా పెరట్లో లేనిది పక్కవాళ్ళ పెరట్లో ఉంటుంది. ఎవరైనా పిల్లను చంకన వేసుకుని వస్తే రాజ్యం ఆ తల్లిని చెట్టు దగ్గరకే తీసుకుపోయేది. ఆకు తుంచి చేతిలో పెట్టి, "ఇది అడ్డసరం. ముదురాకు కొయ్యి. పాలు తాగే పిల్లకైతే పొయ్యమాక. రెండు రోజులకి తగ్గకపోతే ఆసుపత్రికి పో" అనేది. ఆకు పేరు, వాడకం, వాడకూడని చోటు, ఎక్కడ ఆపాలో కూడా చెప్పేది. శాస్త్రం అంటే ఇంతకంటే వేరే ఏముంది?

నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి వామునీళ్ళకు లొంగలేదు. వణుకుతో జ్వరం వచ్చింది. ఒళ్ళంతా దురద. పెరట్లో బట్టలారేస్తుంటే పక్కింటి ఆవిడ గోడ మీంచి చూసి, "రాజ్యం, కళ్ళేంది అట్టా పచ్చగా ఉండయ్?" అంది. అప్పుడు గాని మాకు తెలియలేదు.

మా ఊళ్ళో చిన్న ఆసుపత్రి ఒకటి ఉంది. అక్కడి డాక్టరమ్మ గురజాల వైపు క్రైస్తవ కుటుంబంలో పుట్టి మద్రాసులో చదివి వచ్చింది. ఎక్కువ మాట్లాడదు. రాజ్యం కనురెప్ప దించి చూసింది, పొట్ట కుడివైపు నొక్కింది, మూత్రం పరీక్ష చేయించింది. విరేచనం ఏ రంగులో అవుతున్నదని అడిగింది. రాజ్యం సిగ్గుపడుతూనే, పిడుగురాళ్ల సున్నం లాగా తెల్లగా అవుతున్నదని చెప్పింది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"ఇది జాండిసే. అయితే అందరికీ వచ్చే రకం కాదేమోనని నా అనుమానం. గాల్ బ్లాడర్‌లో స్టోన్ జారి బైల్ దారికి అడ్డం పడినట్టుంది. నెయ్యి, నూనె మానేసి పూర్తిగా పడుకో. వారంలో తగ్గకపోతే గుంటూరు పంపుతా, ఎక్స్‌రే తీస్తారు."

ఈ సంగతి ఇంట్లో చెప్పాను. మా అత్తగారు అచ్చమ్మగారు మామగారు పోయిన దగ్గర్నుంచీ మా దగ్గరే ఉంటున్నది. అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. చెప్పవలసింది తలుపు చాటు నుంచి కూతురికి చెబుతున్నట్టు చెప్పేది. ఆరోజూ అలాగే, "ఏమే రాజ్యం, కడుపులో రాళ్ళుండటానికి నువ్వేమన్నా కోడివా?" అంది. ముగ్గురం నవ్వాం. ఆ తర్వాత చాలా కాలం ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

అత్తగారి మనసులో ఉన్నది వేరు. మామగారి అన్న, ఆమెకు బావగారు, రాజ్యానికి సొంత పెదనాన్న కోటయ్యగారు. రొంపిచెర్ల దగ్గర ఒక పల్లెలో పెద్ద రైతు. ఆదివారం, గురువారం ఉదయాన తన ఇంటి అరుగు మీద కామెర్లకు పసరు పోస్తాడు. వినుకొండ నుంచి, కృష్ణ అవతలి నుంచి కూడా బండ్లు కట్టుకుని వస్తారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. కొబ్బరికాయ తెచ్చినా తిప్పి పంపుతాడు. అన్నం తింటూ ఉన్నా రోగి వచ్చాడంటే చెయ్యి కడుక్కుని లేస్తాడు. ఆయన తండ్రి చనిపోతూ చెవిలో చెప్పిన ఆకు అది. ఆయన తన పెద్దకొడుకుకు అలాగే చెప్పాలి. మధ్యలో ఎవరికి చెప్పినా ఆకు చచ్చిపోతుంది.

దొంగ వైద్యుణ్ణి తిట్టడానికి ధైర్యం అక్కర్లేదు. కోటయ్యగారి లాంటి మంచివాణ్ణి తప్పుపట్టడమే కష్టం. అందుకే ఈ జాడ్యం బతుకుతున్నది.

ఆ పసరుకు అంత పేరు ఎలా వచ్చిందో కూడా చెబుతాను. మామూలు కామెర్లు విశ్రాంతి తీసుకుంటే చాలామందికి వాటంతట అవే తగ్గిపోతాయి. కోటయ్యగారు మూడు వారాలు ఉప్పు లేని మజ్జిగన్నం తిని, చమురు తగలకుండా, పని చేయకుండా పడుకోమంటాడు. ఆ చమురు మానడం, పడుకోవడం మంచివే. డాక్టరమ్మ చెప్పిందీ అదే. పడుకున్నందుకు తగ్గితే పేరు ఆకుకు వచ్చింది. తగ్గనివాళ్ళు ఆ అరుగు దగ్గరకు తిరిగి వచ్చి చెప్పేవాళ్ళు కారు. చచ్చినవాళ్ళు ఎలా వస్తారు?

డాక్టరమ్మ చెప్పిన వారం గడవకముందే నేను వినుకొండలో గ్రంథాలయం వారు పెట్టిన సభకు వెళ్ళాను. మంగళవారం రాత్రి తిరిగి వచ్చేసరికి రాజ్యం పక్క మీద లేచి కూర్చోలేకుండా ఉంది. ముఖం ఉబ్బింది. ముక్కు ఎర్రగా వాచి చర్మం ఊడింది. అత్తగారు ఆదివారం తెల్లవారకముందే ఆమెను బండిలో కోటయ్యగారి దగ్గరకు తీసుకుపోయిందట.

అక్కడ జరిగింది రాజ్యం మెల్లగా చెప్పింది. పరగడుపున తూర్పుముఖంగా వరసలో కూర్చోబెట్టారు. తల వెనక్కి వంచమన్నారు. కోటయ్యగారు ముంతలోంచి పసరు ఉగ్గుగిన్నెలోకి వంచుకుని, దాని కొమ్ము ఒక్కొక్కరి ముక్కురంధ్రంలో పెట్టి పోశాడు. చంటిబిడ్డకు ఆముదం పట్టే గిన్నె అది. ఒకరి ముక్కులోంచి తీసి, కడగకుండా, తుడవకుండా ఇంకొకరి ముక్కులో పెట్టాడు. జలుబు ఉన్నవాడు, చీము కారుతున్నవాడు, ముక్కుపొడుం పీల్చేవాడు, తర్వాత నా భార్య. మందు పోశాక ఎవరూ దణ్ణం పెట్టకూడదు, వెళ్ళొస్తామని చెప్పకూడదు. ఒక్కొక్కరి ముందు ఇత్తడి పళ్ళెం పెట్టారు. ముక్కులు మండిపోయి, కళ్ళు నీళ్ళు కారి, కాసేపటికి ముక్కుల్లోంచి పచ్చటి నీరు ధారగా కారింది. అదే కామెర్లు దిగిపోవడం. చుట్టూ ఉన్నవాళ్ళు వంగి ఒకరి పళ్ళెం ఇంకొకరి పళ్ళెంతో పోల్చి చూసి, ఎవరిది ఎక్కువ పచ్చగా ఉందో మాట్లాడుకున్నారట. రాజ్యం పళ్ళెం చూసి అందరూ మెచ్చుకున్నారట. మిగిలిన పసరు చెంచాడు నోట్లో కూడా పోశారు.

ఆదివారం రాత్రి నుంచే వాంతులు, విరేచనాలు మొదలయ్యాయట. నేను వచ్చిన మరునాడు, బుధవారం పొద్దున్న ముక్కు నుంచి నెత్తురు చుక్క రాలింది. తడిగుడ్డ తల మీద వేశాం, ముక్కు నొక్కిపట్టాం. ఆగలేదు. అత్తగారు తలుపు చాటున, చెడ్డ నెత్తురు పోతున్నదని, పోనివ్వమని అంటున్నది. నేను జట్కా పిలుచుకొచ్చి రాజ్యాన్నీ అత్తగారినీ ఎక్కించాను. దారిలో రాజ్యం ఒళ్ళో పెట్టుకున్న తువ్వాలు తడిసి బరువెక్కింది.

డాక్టరమ్మ రెండు ముక్కుల్లోనూ గాజ్ గుడ్డ కూరి ప్లగ్ పెట్టింది. నెత్తురు గొంతులోకి దిగడం మొదలుపెట్టింది. చేతి వేలు పొడిచి క్లాటింగ్ టైమ్ చూసింది. గాజుగొట్టంలో నెత్తురు గడ్డకట్టకుండా నీళ్ళలా అటూ ఇటూ కదులుతూనే ఉంది.

"ఏం పోశారు?"

"పసరు" అన్నాను.

"ఏ ఆకు?"

నేను రాజ్యం వైపు చూశాను. రాజ్యం తల్లి వైపు చూసింది. తల్లి నేల వైపు చూసింది. వీధి అంతటికీ ఆకుల పేర్లు చెప్పే ఇంట్లో ఒక్కరికీ ఆ పేరు తెలియదు.

అప్పుడు డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది. బైల్, అంటే పైత్యరసం, పేగుల్లోకి దిగకపోతే తిండిలోని విటమిన్ కె ఒంటికి పట్టదు, అది లేకపోతే నెత్తురు గడ్డకట్టదు. అటువంటి మనిషి ముక్కులో మండే మందు పోశారు. తన దగ్గర విటమిన్ కె ఇంజెక్షన్లు కొన్ని ఉన్నాయి, అవి ఇస్తున్నది, మిగిలినవాటికి గుంటూరు మనిషిని పంపింది. అంతవరకు తనకు తెలుసు. తెలియనిది వేరే ఉంది.

"వాంతులు, మోషన్స్, కడుపునొప్పి. ఇవి ఆకు వల్ల అయ్యాయా, స్టోన్ వల్ల లోపల ఏమైనా పగిలిందా? పగిలితే ఈ పూటే గుంటూరు పంపి ఆపరేషన్ చేయించాలి. ఈ నెత్తురుతో కోస్తే టేబుల్ మీదే పోతుంది. ఆకు వల్లే అయితే ఇక్కడే ఉంచి, సెలైన్ ఇచ్చి నిలబెట్టగలను. పైకి రెండూ ఒకేలా కనపడుతున్నాయి. నాకు ఆకు పేరు కావాలి. రేపు మధ్యాహ్నం దాకా చూస్తా, అంతకంటే ఆగలేను."

అక్కడికక్కడే బయలుదేరబోయాను. రొంపిచెర్ల వైపు పోయే, బొగ్గు పొగతో నడిచే బస్సు ఆ రోజు చెడిపోయిందన్నారు. బండి మాట్లాడుకుని సాయంత్రానికి ఆ పల్లె చేరితే కోటయ్యగారు ఊళ్ళో లేడు. గురువారం పసరు పోసే వేళకు వస్తాడన్నారు. నేను పోయిన రోజు బుధవారం. ఆ అరుగు మీదే పడుకుని తెల్లవారేవరకు కాచుకున్నాను.

పొద్దెక్కేసరికి వాకిలి నిండింది. పచ్చటి కళ్ళ మనుషులు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు. అందులో మా పేట ప్లీడరుగారి గుమాస్తా కూడా ఉన్నాడు. కోటయ్యగారు స్నానం చేసి వచ్చి నన్ను చూసి దగ్గరకు తీసుకున్నాడు. నేను సంగతి చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నటన కాదు.

"మామా, ఆకు పేరు నా చెవిలో చెప్పండి. నేను డాక్టరమ్మ చెవిలో చెబుతాను. మూడో మనిషికి తెలియదు" అన్నాను.

"రాజ్యం నా బిడ్డ అల్లుడూ. నా భుజం మీద పెరిగిన పిల్ల. అయినా చెప్పను."

"చచ్చిపోయినా?"

ఆయన వాకిలి వైపు చెయ్యి చూపాడు. "వాళ్ళని చూడు. పేరు పైకి వచ్చిందంటే ఆకు చచ్చిపోద్ది. రేపట్నించి ఈళ్ళకి దిక్కెవరు? ఒక బిడ్డ కోసం ఇంతమందిని చంపుకోమంటావా?"

ఈ మాట ఒక దుర్మార్గుడు అని ఉంటే నేను ఇంత అసహ్యపడేవాణ్ణి కాను. ఒక మంచి మనిషి, కన్నీళ్ళతో, నిండు మనసుతో, తాను పెంచిన పిల్లను ఒక ఆకుకు బలి ఇస్తున్నాడు. అదే త్యాగమనుకుంటున్నాడు. వాకిట్లో వాళ్ళందరూ తలలూపుతున్నారు.

వాదించి లాభం లేదని తెలిసింది. నేను వెళ్ళి వరసలో కూర్చుని తల వెనక్కి వంచాను. "నాకూ పొయ్యండి మామా" అన్నాను. నాకు కామెర్లు లేవు. నా కళ్ళు తెల్లగా ఉన్నాయని అందరికీ కనపడుతూనే ఉంది. జబ్బు లేని ముక్కులోంచి కూడా అదే పచ్చనీరు కారితే, అది కామెర్లు దిగడం కాదని, మంటకు ముక్కు ఏడవడమేనని వీళ్ళ కళ్ళెదుట తేలిపోతుందని నా నమ్మకం. కోటయ్యగారు నేను లొంగానని అనుకున్నాడు. సంతోషంగానే పోశాడు.

నిప్పు రవ్వ నుదుటి లోపలికి పోయినట్టయింది. కాసేపటికి కారింది. పచ్చగా, జిగటగా, నా ముందు పళ్ళెంలోకి ధారగా కారింది. నేను తలెత్తి, చూడండి, నాకు జబ్బు లేదు, అయినా ఎలా కారుతున్నదో చూడండి అన్నాను.

వాకిలి అంతా వంగి చూసింది. వెనక నుంచి ఎవరో, "అమ్మో, అల్లుడుగారిక్కూడా ఉండయ్యే" అన్నారు. ప్లీడరుగారి గుమాస్తా, "చదువుకున్నోళ్ళ కామెర్లు లోపలుంటయ్, పైకి కనపడవు" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక ముసలమ్మ ఎంతో దయగా నా వీపు నిమిరి, "నీకు తెలవకుండా దాక్కున్నదాన్ని కూడా లాగేశాడు నాయనా, పుణ్యాత్ముడు" అంది.

నా జీవితంలో ఎన్నో సభల్లో మాట్లాడాను, రాళ్ళ దెబ్బలు కూడా తిన్నాను. అంత హేయమైన ఓటమి ఎన్నడూ ఎరగను. రుజువు వాళ్ళ కళ్ళ ముందు పళ్ళెం నిండా ఉంది. దాన్ని కూడా నైవేద్యం చేసుకున్నారు.

అలా తల వంచుకుని కూర్చున్నప్పుడు ముక్కులో మిగిలింది కొంచెం గొంతులోకి దిగింది. చేదు. నాలుక మొదట్లో పట్టుకుని వదలని చేదు. ఆ చేదు నాకు తెలుసు.

బీరకాయ తరిగే ముందు చివర తుంచి నాలుక మీద పెట్టుకుని చూడని ఇల్లాలు మన వైపు ఉండదు. ఒక్క చేదుకాయ పడితే కూరంతా పారబోయాలి. చిన్నప్పుడు ఆ రుచి చూసే పని మా అమ్మ నాకు అప్పజెప్పేది. ఒకసారి చేను కంచె మీద పాకిన తీగ నుంచి కాయలు కోసుకొచ్చి, ఒకటి కొరికి, పూటంతా ఉమ్ముతూ కూర్చున్నాను. అమ్మ నవ్వి అది ఏమిటో చెప్పింది. ఆ పేరు ఇప్పుడు నా నోటి దాకా వచ్చింది.

"వెర్రిబీర" అన్నాను. గట్టిగానే అన్నాను. "ఆకు కాదు, ఇది వెర్రిబీర కాయ."

కోటయ్యగారు ఇంకొకరి ముక్కు దగ్గర ఉన్న ఉగ్గుగిన్నెను వెనక్కి తీసుకున్నాడు. అందులో ఉన్నది నేల మీద పారబోశాడు. తర్వాత ముంత ఎత్తి అది కూడా పారబోశాడు. "ఇక లేవండి. అయిపోయింది" అని లోపలికి పోయాడు.

అంతకంటే నాకు కావలసిన జవాబు లేదు.

వాకిట్లో ఒక్కసారి గోల లేచింది. కారంపూడి నుంచి తమ్ముణ్ణి తీసుకొచ్చిన ఒకతను నా కండువా పట్టుకుని, "ఏందయ్యా నువ్వు చేసింది? మావోడి నోట్లో మట్టి కొట్టావు గదా" అన్నాడు. తమ్ముణ్ణి మా ఊరి ఆసుపత్రికి తీసుకురమ్మని చెప్పాను. ఉమ్మేసి వెళ్ళిపోయాడు. నేను నెత్తురూ పచ్చనీరూ కలిసిన ముక్కు తుడుచుకుంటూ బండెక్కాను.

మధ్యాహ్నం దాటకముందే ఆసుపత్రికి చేరాను. పేరు చెప్పగానే డాక్టరమ్మ కళ్ళు మూసుకుని ఒక నిట్టూర్పు విడిచింది. అది వాంతులకు, విరేచనాలకు పేరుపడ్డ కాయని, కడుపులోకి పోతే ఇంతపనీ చేస్తుందని ఆమెకు తెలుసు. "అయితే గుంటూరు ఇప్పుడు కాదు. ఇక్కడే ఉంచుతా" అంది. సెలైన్ ఎక్కించింది. విటమిన్ కె ఇచ్చింది. మరునాటికి వాంతులు కట్టాయి. ఆ తర్వాత నెత్తురు గడ్డకట్టడం మొదలుపెట్టింది. ప్లగ్ తీసిన రోజున అత్తగారు మంచం పక్కన నిలబడి, తలుపు లేదు, చాటు లేదు, నా ముఖం చూసి మొదటిసారి మాట్లాడింది. "నా చేతులారా తీసుకుపోయి పోయించాను నాయనా" అంది. అంతే అంది.

నెత్తురు కుదుటపడ్డాక గుంటూరులో ఆపరేషన్ చేశారు. స్టోన్ తీశారు. పుండు చీము పట్టి, జ్వరం తిరగబెట్టి, పెన్సిలిన్ కోసం తిరిగిన రోజులున్నాయి. అది వేరే కథ. అక్కడి సర్జన్ పసరు సంగతి విని, ఆకులు మేకలు తినేవి గాని మనుషులు తినేవా అని వేళాకోళం చేశాడు. మలేరియాకు మీరిచ్చే క్వినైన్ కూడా చెట్టు బెరడే గదా అన్నాను. ఆయన కాస్త ఆలోచించి, "నిజమే. కాని మా సీసా మీద పేరుంటుంది" అన్నాడు. ఆ మాట మాత్రం ఒప్పుకున్నాను. అయితే వార్డులో ఎర్ర మిక్స్చర్ పోసే కాంపౌండరును, అందులో ఏముందయ్యా అని అడిగితే, నీకెందుకు తాగు అన్నాడు. వాడికీ కోటయ్యగారికీ నాకు తేడా కనపడలేదు.

ఇంటికి వచ్చి ఏడాది దాటింది. ఆ కారంపూడి తమ్ముడు పసరు లేకుండానే, పడుకున్నందుకు బాగయ్యాడు. ఆ అన్న సంతలో కనపడి, పెద్దాయన ముఖం చూసిన పుణ్యం అన్నాడు. ఇంకొక పల్లెలో ఒకామె కామెర్లతో పోయింది. ఆమె బంధువులు మా ఇంటి ముందు నిలబడి, నేను పేరు పైకి చెప్పబట్టే ఆకు చచ్చి ఆమె పోయిందని శాపనార్థాలు పెట్టారు. బతికితే పుణ్యం ఆయనది, పోతే పాపం నాది. కోటయ్యగారు కొన్నాళ్ళు అరుగు ఎక్కలేదు. తర్వాత కలలో తండ్రి కనిపించి కొత్త ఆకు చెప్పాడట. ఇప్పుడు మళ్ళీ ఆదివారం, గురువారం పోస్తున్నాడు. వరస మునుపటికంటే పొడుగు. ఉగ్గుగిన్నె అదే.

రాజ్యం బతికింది. నడుస్తుంది, వండుతుంది, వీధి పిల్లలకు కషాయాలు కాస్తుంది. వాసన మాత్రం తెలియదు. ఆ పసరు ఆమె ముక్కులో దేన్నో కాల్చేసింది, తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. పొయ్యి మీద పాలు మాడిపోతున్నా తెలియదు. పోపులో కరివేపాకు వేస్తే చిటపట విని నవ్వుతుంది, వాసన నన్ను అడుగుతుంది. అడ్డసరానికీ ఇంకో ఆకుకూ తేడా వాసనతో పట్టే మనిషి, ఇప్పుడు ప్రతి ఆకునూ వెలుతురులో పెట్టి, ఈనెలు చూసి, నన్ను వాసన చూడమని, అప్పుడు గాని ఇవ్వడం లేదు. పేరు చెప్పకుండా మాత్రం ఇప్పటికీ ఎవరికీ ఏదీ ఇవ్వలేదు.

మొన్న ఆదివారం అత్తగారు కనపడలేదు. పొద్దుగూకాక బండి దిగింది. కోటయ్యగారి వాకిటికి పోయి వచ్చానని చెప్పింది. బావగారి ఎదుట జన్మలో తలెత్తని మనిషి, వరసలో కూర్చున్న జనం మధ్యకు పోయి నిలబడి, "బావగారూ, ఈ ఆకు పేరేంది?" అని అడిగిందట.

"ఏమన్నాడు?" అన్నాను.

"లోపలికి పొమ్మని నాకు సైగ చేశాడు. నేను పోలా. మళ్ళా అడిగాను."

"జనం?"

"ఒక పిల్ల తల్లి లేచింది. పిల్లని ఎత్తుకుని నా వెంట వచ్చేసింది. మిగతావాళ్ళు కూర్చునే ఉన్నారు."

ఒక్క తల్లి. అది చాలదు. వచ్చే ఆదివారం మీ బిడ్డ తల వెనక్కి వంచి ఎవరో ఉగ్గుగిన్నె ముక్కు దగ్గరకు తెస్తారు. ఆ చెయ్యి పట్టుకోండి. ఇది ఏ చెట్టు, చెట్టు చూపించు, ఎవరికి పోయకూడదో చెప్పు అని అడగండి. ఇచ్చేది డాక్టరయినా, పెదనాన్నయినా అడగండి. చెప్పకపోతే ఆయన మంచితనం చూసి మొహమాటపడకండి. బిడ్డను ఎత్తుకుని లేచి రండి.